పలక మీద మూడు చుక్కలు

2023 జూలై 6, గురువారం
శ్రీహరికోట

బళ్లు తెరిచిన దగ్గర్నుంచీ సూళ్లూరుపేటలో మా ల్యాబు నిండా పిల్లలే. ఐడీ కార్డు మీద బ్లడ్ గ్రూపు ఉండాలని బడివాళ్లు అడుగుతున్నారు. వేలికి సూది గుచ్చకముందే ఏడ్చేవాళ్లు కొందరు. గుచ్చినా ఏడవకుండా నా మొహంలోకే గుచ్చి చూసేవాళ్లు కొందరు. తెల్ల పలక మీద మూడు చుక్కల రక్తం వేస్తాను. మొదటిదాని పక్కన నీలంగా ఉండే యాంటీ-ఏ, రెండోదాని పక్కన పసుపుపచ్చ యాంటీ-బి, మూడోదాని పక్కన రంగు లేని యాంటీ-డి. పుల్లతో కలిపి పలకని అటూ ఇటూ వంచుతాను. ఏ చుక్కలో రక్తం రవ్వలు రవ్వలుగా విరిగి గుంపు కడితే ఆ గుర్తు ఆ బిడ్డలో ఉన్నట్టు.

ఇంత చిన్న పనే గానీ నాకు ఇప్పటికీ విసుగు రాలేదు. 1900లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తం, తన తోటి ఉద్యోగుల రక్తం ఒకరిది ఒకరిదానితో కలిపి చూసేదాకా, ఎక్కించిన రక్తం ఒకరిని బతికించి ఇంకొకరిని ఎందుకు చంపుతోందో ఏ డాక్టరుకీ తెలియదు. ఆయన చూసింది కూడా ఈ గుంపు కట్టడమే.

సాయంత్రం ఒక ఆటో అబ్బాయి వచ్చాడు. పేట నుంచి షార్ రాకెట్ కేంద్రం గేటు దాకా తిప్పుతుంటాడు, ముఖపరిచయం ఉంది. వేరే చోట చేయించిన రిపోర్టు చేతికిచ్చాడు. ఆరేళ్ల కూతురిది ఓ నెగెటివ్. తనది బి పాజిటివ్. రక్తం ఇచ్చినప్పటి కార్డు జేబులోనే పెట్టుకొచ్చాడు. భార్యది ఏ పాజిటివ్ అని కాన్పునాటి కార్డులో ఉంది. "ఇది తప్పు గదా మేడమ్? మళ్లీ చెయ్యండి" అన్నాడు. తప్పని చెబితే బాగుండునన్న ఆశ గొంతులో వినపడుతూనే ఉంది.

రేపు పాపని తీసుకురమ్మన్నాను.

జూలై 7, శుక్రవారం

నలుగురూ వచ్చారు: అతను, భార్య, పాప, అతని తల్లి. పలక మీద మూడు చుక్కలూ నున్నగా అలాగే ఉండిపోయాయి, ఒక్క రవ్వ కట్టలేదు. పలకనే నమ్ముకోకుండా ట్యూబులో కూడా చేశాను. సీరంతో తిరగేసి (రివర్స్ గ్రూపింగ్) చూశాను, డి గుర్తు బలహీనంగా దాగి ఉందేమో (వీక్ డి) కూడా చూశాను. అన్నీ ఒకటే మాట చెప్పాయి. ముందు చేసిన ల్యాబుది తప్పేమీ లేదు, పాపది ఓ నెగెటివే.

పెద్దావిడ కోడలి వైపు చూడకుండా గోడకి చెప్పినట్టు అంది: "మా ఇంట్లో ఎవురికీ లేని రకం ఈ బిడ్డకి యాడి నుంచి వచ్చినట్టో."

కోడలు మాట్లాడలేదు. పాప చెవులు మూసింది, రెండు చేతులతో. ఆ కోడలు ఈ మాట వినడం ఇది మొదటిసారి కాదని నాకు అప్పుడు అర్థమైంది. పేషెంట్ల వరస తోసుకొస్తోంది. "ఆదివారం రండి, కూర్చుని చెప్తాను. ఈ కాగితంలో అనుమానించాల్సింది ఏమీ లేదు, నా మాట నమ్మండి" అని మాత్రం గట్టిగా చెప్పి పంపాను.

జూలై 8, శనివారం, రాత్రి

రేపు వాళ్లకి చెప్పాల్సింది ముందు ఇక్కడ రాసుకుంటే మేలు.

బ్లడ్ గ్రూపు జన్యువుకి ప్రతి మనిషిలోనూ రెండు ప్రతులు ఉంటాయి, తల్లిచ్చినది ఒకటి, తండ్రిచ్చినది ఒకటి. తొమ్మిదో క్రోమోజోము మీద ఉంటాయి అవి. ఏ ప్రతి ఒక ఎంజైముని తయారుచేస్తుంది. ఎర్రకణం పైన ఉండే చక్కెర గొలుసు చివర అది ఒక రకం చక్కెరని తగిలిస్తుంది. బి ప్రతి చేసే ఎంజైము వేరే రకం చక్కెరని తగిలిస్తుంది. ఓ ప్రతి ఏదీ తగిలించదు, గొలుసు ఉన్నది ఉన్నట్టు ఉండిపోతుంది. 1990లో యమమోటో బృందం ఆ జన్యువుని విప్పి చదివితే, ఏ ఎంజైముకీ బి ఎంజైముకీ మధ్య తేడా నాలుగే అమైనో ఆమ్లాలని తేలింది. ఓ ప్రతిలో ఒకే ఒక్క అక్షరం జారిపోయింది. అది జారడంతో ఆ తరవాత చదవాల్సిందంతా గతి తప్పి ఎంజైము తయారే కాదు.

ఒక ప్రతి ఏ, ఇంకోటి ఓ అయితే పలక మీద కనపడేది ఏ ఒక్కటే. పనిచేసే ప్రతి ఒకటి ఉంటే చాలు, కణం నిండా చక్కెర తగులుతుంది. అందుకే ఏ గ్రూపు మనిషి ఏఏ కావచ్చు, ఏఓ కావచ్చు, మా యాంటీసీరాకి ఆ తేడా తెలియదు. మన వైపు అందరికన్నా ఎక్కువమంది ఓ గ్రూపువాళ్లే. అంటే ఓ ప్రతి జనంలో అంతగా పరుచుకుని ఉంది. లెక్క కడితే మన ఏ వాళ్లలోనూ బి వాళ్లలోనూ ఎక్కువమంది ఓ ప్రతిని లోపల మోస్తున్నవాళ్లే అవుతారు. ఏఓ తల్లి, బీఓ తండ్రి: వాళ్ల బిడ్డ ఏబి కావచ్చు, ఏ కావచ్చు, బి కావచ్చు, ఓ కావచ్చు. నాలుగిటికీ సమానంగా అవకాశం.

ఈ లెక్క డాక్టరు తేల్చింది కాదు. గుర్తులు తల్లిదండ్రుల నుంచి వస్తాయని 1910లోనే ఎమిల్ ఫన్ డుంగెర్న్, లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్ కుటుంబాల రక్తం చూసి చెప్పారు గానీ, ఎలా వస్తాయన్న దగ్గర పొరబడ్డారు. ఒకే చోట మూడు రకాల ప్రతులని అనుకుంటేనే జనంలో కనపడే అంకెలు కుదురుతాయని 1924లో గణితవేత్త ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ చూపించాడు. రక్తాన్ని ముట్టుకోకుండా కాగితం మీద.

ఇక నెగెటివ్ సంగతి. ఆ పేరులోనే జనానికి భయం. డి గుర్తుది వేరే జన్యువు, మొదటి క్రోమోజోము మీద ఉంటుంది. డి ప్రతి ఒక్కటి ఉన్నా మనిషి పాజిటివే. తల్లీ తండ్రీ ఇద్దరూ డి లేని ప్రతిని చెరొకటి ఇస్తేనే బిడ్డ నెగెటివ్. మన దేశంలో నెగెటివ్ వాళ్లు నూటికి అయిదుగురు, కాస్త అటూ ఇటూ. నూటికి అయిదుగురు బయటికి కనపడుతున్నారంటే, ముప్పై మందికి పైగా పాజిటివ్ వాళ్లు డి లేని ప్రతి ఒకటి లోపల పెట్టుకుని తిరుగుతున్నట్టు. ఈ అంకె ఇందాకే వేసి, నమ్మలేక మళ్లీ వేశాను. ప్రతి ముగ్గురిలో ఒకరు! వాళ్లకి ఆ సంగతి తెలిసే దారే లేదు, నెగెటివ్ బిడ్డ పుడితే తప్ప.

ఓ రావడానికి నాలుగింట ఒకటి, నెగెటివ్ రావడానికి నాలుగింట ఒకటి, రెండూ కలిసి రావడానికి పదహారింట ఒకటి. అరుదే, కానీ అసాధ్యం ఎంతమాత్రం కాదు. ఒక్క సూళ్లూరుపేట మండలంలోనే ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉండి తీరాలి.

జూలై 9, ఆదివారం

చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు, వేళ్ల మీద లెక్క కూడా వేసుకున్నాడు. పెద్దావిడకి క్రోమోజోములు ఎక్కలేదు. "అత్తా" అని కోడలు పిలిచినప్పుడు తెలిసింది, మేనరికమని. ఆవిడ సొంత తమ్ముడి కూతురే ఈ కోడలు.

ఆవిడ మాటల్లోనే చెప్పాలని చూశాను: "పెద్దమ్మా, ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. ఒకడు పనికి పోయి సంపాదిస్తాడు, ఇంకొకడు ఊరికే కూర్చుంటాడు. పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, బయటివాళ్లకి తేడా తెలియదు. నీ కొడుకులో అట్టా కూర్చున్నవాడు ఒకడు, నీ కోడల్లో ఒకడు. పాపకి ఆ కూర్చున్న ఇద్దరే వచ్చారు." ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మరి నా కొడుక్కి ఆ కూర్చున్నోడు యాడి నుంచి వచ్చినాడు?" అని అడిగింది.

మంచి ప్రశ్న. పొద్దుటి నుంచీ అక్కడున్న నలుగురిలో ఎవరూ అడగని ప్రశ్న. "నీ నుంచో, నీ పెనిమిటి నుంచో" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు.

వెళ్లేటప్పుడు అతను, "అయితే నా బిడ్డేనని ఈ టెస్టు చెప్తా ఉండాదా మేడమ్?" అన్నాడు. చెప్పదని చెప్పాను. బ్లడ్ గ్రూపు ఏ మనిషినీ ఫలానావాడి బిడ్డ అని చెప్పలేదు. కొన్నిసార్లు కాదని చెప్పగలదు, అదీ జాగ్రత్తగా. ఈ ఇంటి విషయంలో కాదని కూడా చెప్పలేదు. "నీకూ నీ భార్యకీ మధ్య ఈ కాగితం సాక్షి కాదు. దీన్ని సాక్షిగా నిలబెట్టొద్దు."

జూలై 10, సోమవారం

పొద్దున బస్సులో పులికాట్ మీదుగా వస్తూ నిన్నటి మాటే తలుచుకున్నాను. వానలు రాక సరస్సు చాలామేర ఎండి, తెల్లగా ఉప్పు తేలి ఉంది.

బ్లడ్ గ్రూపు కాదని తేల్చిన చార్లీ చాప్లిన్ కేసు చదివినప్పుడు నాకు భలే కోపం వచ్చింది. 1940ల్లో జోన్ బెర్రీ అనే నటి తన బిడ్డకి చాప్లినే తండ్రి అని దావా వేసింది. తల్లిది ఏ, బిడ్డది బి, చాప్లిన్‌ది ఓ. బిడ్డలోని బి తల్లి ఇచ్చింది కాదు, ఓ మనిషి ఇవ్వగలిగింది కాదు. వైద్యులు కాదనే చెప్పారు. అయినా 1945లో జ్యూరీ ఆయన్నే తండ్రిగా తేల్చింది, ఆయన ఆ బిడ్డ పోషణకి డబ్బు కట్టాల్సి వచ్చింది. అక్కడ రక్తం స్పష్టంగా పలికినా కోర్టు వినలేదు. ఇక్కడ రక్తం ఏమీ పలకకముందే ఇంట్లోవాళ్లు తీర్పు చెప్పేస్తున్నారు. రెండిట్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది రెండోదే. చాప్లిన్‌కి లాయర్లు ఉన్నారు.

మన సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుందూ కేసులో ఇదే గడప దగ్గర నిలబడింది. భార్యాబిడ్డలకి మనోవర్తి ఇవ్వాల్సి వచ్చిన భర్త, బిడ్డకి బ్లడ్ గ్రూపు పరీక్ష చేయించమని అడిగాడు. కోర్టు ఒప్పుకోలేదు. కాపురం నడుస్తుండగా పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే అన్నది చట్టం ముందుగా పట్టుకునే మాట. ఇద్దరూ కలిసి ఉండే వీలే లేదని గట్టిగా చూపిస్తే తప్ప పరీక్షకి ఆదేశించకూడదని, అలాంటి ఆదేశం బిడ్డ మీద, తల్లి మీద వేసే మచ్చని ముందు తూచి చూడాలని చెప్పింది. కోర్టు అంత ఆలోచించి తలుపు వేసిన చోట, బడి ఐడీ కార్డు ఫారం తెలియకుండానే తలుపు తీసేస్తోంది. ఫారంని తప్పుపట్టను, ప్రమాదం జరిగినప్పుడు ఆ ఒక్క గడి పనికొస్తుంది. కానీ గ్రూపు రాసిచ్చేవాళ్లం దాని వెనక రెండు మాటలు చెప్పి పంపాలి.

జూలై 12, బుధవారం

కాదని చెప్పడానికి కూడా ఎందుకు తొందరపడకూడదో రాసి పెట్టుకుంటున్నాను. కొత్తగా చేరిన పిల్ల ల్యాబులో అడిగింది: "ఏబి తల్లికి ఓ బిడ్డ పుడితే మాత్రం తేలిపోయినట్టే కదా అక్కా?"

ఏబి మనిషిలో ఓ ప్రతికి చోటు లేదు, ఆ మాట నిజమే. కానీ 1952లో బొంబాయిలో డాక్టర్ వై. ఎం. భెండే, ఆయనతో పనిచేసినవాళ్లు కొత్త రకం రక్తం ఒకటి చూసి లాన్సెట్ పత్రికలో రాశారు. పలక మీద అచ్చం ఓ లాగా కనపడుతుంది. కానీ ఓ రక్తం ఎక్కిస్తే కూడా పడదు. ఏ, బి చక్కెరలు తగిలేది హెచ్ అనే పునాది మీద. ఆ పునాది వేసే జన్యువు పందొమ్మిదో క్రోమోజోము మీద వేరుగా ఉంది. దాని రెండు ప్రతులూ చెడిపోతే, లోపల ఏ గానీ బి గానీ ఉన్నా బయటికి రాలేదు. ఆ మనిషి ఓ లాగా కనపడుతూ పిల్లలకి ఏ గానీ బి గానీ ఇవ్వగలడు. లోకమంతా దాన్ని బాంబే గ్రూపు అంటుంది. యూరపులో దాదాపు కనపడదు, మన దేశంలో వేలల్లో ఒకరికి ఉంటుంది.

అంటే మా పలక ఓ అని చెప్పింది నిజంగా ఓ కాకపోవచ్చు. సీరాన్ని ఓ కణాలతో కలిపి చూడాలి, యాంటీ-హెచ్‌తో చూడాలి. ఏ, బి రెండూ ఒకే ప్రతి మీద కలిసి వచ్చే అరుదైన కుటుంబాలు కూడా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఏబి మనిషికి ఓ బిడ్డ పుట్టడం వింత కాదు. శాంపిళ్లు తారుమారైతే అదొకటి. ఇన్ని దాటాక గానీ కాదనే మాట నోటికి రాకూడదు. ఆ పిల్ల నోట్సు రాసుకుంది.

జూలై 14, శుక్రవారం

చంద్రయాన్-3. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకి లేచింది. కిటికీ అద్దాలు ఎప్పటికన్నా ఎక్కువసేపు అదిరాయి. పేటలో రోడ్డు కనపడనంత జనం. మా ఆయన డ్యూటీలో, నేను డాబా మీద. ల్యాబుకి వెళ్లలేదు.

జూలై 16, ఆదివారం

మేనరికం మాట వచ్చింది కాబట్టి. మా అమ్మానాన్నలది కూడా మేనరికమే, కాకినాడలో మా వీధిలో సగం ఇళ్లు అంతే. మేనమామని చేసుకున్న అమ్మాయి బిడ్డలో ఏదైనా ఒక చోట రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకుంటే పదహారింట ఒకటి. దాగి ఉండే గుణాలు జతపడి బయటికి రావడానికి అది దారి. ఓ గ్రూపు, నెగెటివ్, బాంబే గ్రూపు, మూడూ దాగి ఉండేవే. వాటిలో ఏదీ జబ్బు కాదు. కానీ అదే దారిలో జబ్బులు కూడా వస్తాయి. మన ఊళ్లలో ఇది తెలిసి కూడా మాట్లాడరు.

దీన్ని మన దగ్గర శ్రద్ధగా లెక్క కట్టినవాళ్లలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఉన్నారు. ఆంధ్రలో మేనరికాల మీద మీరాఖాన్‌తో కలిసి 1963లో పరిశోధన పత్రం వేశారు. ఆయన గురువు జె. బి. ఎస్. హాల్డేన్. ఇంగ్లండు వదిలి 1957లో కలకత్తా వచ్చి, 1961లో ఈ దేశ పౌరుడై, భువనేశ్వర్‌లో స్థిరపడి 1964 డిసెంబరు 1న పోయారు. తన శరీరాన్ని మా కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. జన్యుశాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడైన మనిషి మా ఊరి పిల్లలకి శరీరపాఠం అయ్యాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ ఆ కాలేజీ గేటు ముందు నడిస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

జూలై 18, మంగళవారం

పెద్దావిడ ఒక్కతే వచ్చింది, కొడుక్కి చెప్పకుండా. "నాది గూడా చూడమ్మా." ఇంతవరకు ఎప్పుడూ చూపించుకోలేదట. పిల్లలందరూ ఇంట్లోనే పుట్టారు.

ఓ పాజిటివ్.

కొడుకులోని ఓ ప్రతి ఈవిడ ఇచ్చిందే. ఇందులో అవకాశం లెక్కలేమీ లేవు, ఈవిడ దగ్గర ఇవ్వడానికి ఇంకో రకం లేదు. ఈవిడ తమ్ముడిలోనూ ఒక ఓ ప్రతి ఉండే వీలుంది, కోడలికి అది అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు, వాళ్లమ్మ నుంచి అయినా వచ్చి ఉండొచ్చు. తమ్ముడు లేడు, తేల్చలేం. నెగెటివ్ ఏ వైపు నుంచి వచ్చిందో కూడా తేలలేదు. వరసగా అందరినీ పిలిపించి సూదులు గుచ్చాలా? అక్కర్లేదు. కోడలి మీద మాట పడనివ్వకుండా ఉండడానికి వంశవృక్షం మొత్తం ల్యాబుకి రావాల్సిన పని లేదు.

ఆవిడకి అంతా చెప్పాను. "అంటే అది నా రకమే" అంది. కాసేపటికి, "ఆ పిల్ల నా తమ్ముడి బిడ్డ. నేనట్టా అనుండకూడదు" అంది. ఆ మాట నాతో కాదు, ఇంటికెళ్లి కోడలితో అనమన్నాను. రిపోర్టుకి డబ్బులు తీసుకోమని పట్టుబట్టింది. తీసుకున్నాను.

జూలై 30, ఆదివారం

పొద్దున ఆరున్నరకి పీఎస్‌ఎల్‌వీ లేచింది. సాయంత్రం ఆటో అబ్బాయి, భార్య, పాప క్వార్టర్స్ గేటు దగ్గర కలిశారు. పాప ఐడీ కార్డు చూపించింది, ఓ నెగెటివ్ అని దాని మీద అచ్చయింది. ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. తల్లి మాత్రం నాతో విడిగా ఒక మాట అడిగింది: నెగెటివ్ అయితే పాపకి ముందుముందు ఏమన్నా ఇబ్బందా అని.

ఆరోగ్యానికి ఏ లోటూ లేదు. ఎప్పుడైనా రక్తం కావాల్సి వస్తే పాపకి ఎక్కించాల్సింది ఓ నెగెటివే. పాప రక్తం మాత్రం దాదాపు అందరికీ పనికొస్తుంది. రెండో సంగతి పెళ్లయ్యాక. భర్త పాజిటివ్ అయితే కడుపులో బిడ్డ కూడా పాజిటివ్ కావచ్చు. కాన్పులో బిడ్డ రక్తం కొంచెం తల్లిలో కలిస్తే తల్లి ఒంట్లో దాని మీద విరుగుడు పుడుతుంది. మొదటి బిడ్డకి సాధారణంగా ఏమీ కాదు, ఆ తరవాతి బిడ్డల ఎర్రకణాలని ఆ విరుగుడు విరగ్గొడుతుంది. పచ్చకామెర్లు, కొన్నిసార్లు కడుపులోనే పోవడం. వరసగా బిడ్డలు పోతున్న తల్లుల్ని ఊళ్లు ఏమేం అన్నాయో ఈ తీరంలో ముసలివాళ్లని అడిగితే చెబుతారు. 1968లో యాంటీ-డి ఇంజెక్షను వాడకంలోకి వచ్చింది. ఏడో నెలలో ఒకటి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పైన మూడు రోజుల్లోపు ఒకటి. గర్భం పోయినా అంతే, మూడు రోజుల్లోపు వేయించుకోవాలి. ఆ మందు మనుషుల ప్లాస్మా నుంచే తీస్తారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన పద్దెనిమిదేళ్ల వయసు నుంచి ఎనభై ఒకటి దాకా రక్తం, ప్లాస్మా ఇస్తూనే వచ్చాడు.

పాప రిపోర్టు వెనకవైపు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను: రక్తం కావాలంటే ఓ నెగెటివ్ మాత్రమే. కడుపుతో ఉన్నప్పుడు మొదటి నెలలోనే డాక్టరుకి ఈ కాగితం చూపించాలి. యాంటీ-డి అడగాలి. తల్లి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆధార్ కార్డుతో పాటు బీరువాలో దాస్తానంది. రేపటి నుంచి నెగెటివ్ వచ్చిన ప్రతి ఆడపిల్ల రిపోర్టు వెనకా ఇదే రాయాలని ల్యాబులో చెప్పాలి. రబ్బరు స్టాంపు చేయిస్తే పని తేలిక.